గేమింగ్ ల్యాప్‌టాప్ బెజవాడ ఎండకి కాలిపోద్దంట! ఆ ఫార్వర్డ్‌లో ఏది నిజం, ఏది సోది

ఇంజినీరింగ్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో, వాళ్ళ నాన్నల గ్రూపుల్లో కూడా ఈమధ్య ఒకటే మెసేజ్ తిరుగుతోంది. చూడనివాళ్ళ కోసం అందులో ఉన్నది ఇదీ: "మన విజయవాడ గుంటూరు ఎండలకి గేమింగ్ ల్యాప్‌టాప్ కొంటే ఒక్క సమ్మర్‌లో బోర్డు కాలిపోద్ది. 90 డిగ్రీలు చూపిస్తే వెంటనే రిటర్న్ చెయ్యండి. కొనాలంటే ఐ9 కొనండి, పెద్ద ప్రాసెసర్ తక్కువ వేడెక్కుద్ది. గ్రాఫిక్స్ కార్డు నంబర్ ఒకటే అయితే ఏ ల్యాప్‌టాప్ అయినా ఒకటే, చీప్‌గా వచ్చింది తీసుకోండి. కూలింగ్ ప్యాడ్ కంపల్సరీ. 3 నెలలకోసారి పేస్టు మార్పించండి. ఆడేటప్పుడు చార్జర్ పీకేయండి. మరీ కాలిపోతుంటే 5 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి."

మా పిన్ని కొడుకు వడ్డేశ్వరంలో బీటెక్ చేరుతున్నాడు. ఇది చదివి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "అన్నా, ఆర్డర్ క్యాన్సిల్ చేసేయమంటావా" అన్నాడు, పక్కనుంచి పిన్ని "అడుగు, అడుగు, పేలుద్దేమో కూడా అడుగు" అంటోంది. పేలదు పిన్నీ. వాడికి ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా, ఎందుకంటే ఇలాంటి మెసేజ్‌లో నాలుగో వంతు నిజం ఉంటది, మిగతా సోదిని జనం నమ్మేది ఆ నాలుగో వంతు వల్లే.

ముందు ఆ 90 డిగ్రీల గోల. సాఫ్ట్‌వేర్‌లో కనపడేది చిప్పు లోపల సెన్సర్ చెప్పే వేడి, మీ చేతికి తగిలే వేడి కాదు. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి లిమిట్ 100 డిగ్రీలు, ఏఎండీ రైజెన్‌లో మోడల్‌ని బట్టి 95 నుంచి 105, ఎన్విడియా ల్యాప్‌టాప్ కార్డులు సుమారు 87 దగ్గర బ్రేక్ వేసుకుంటాయి. లిమిట్‌కి చేరితే కాలిపోదు, స్పీడు తనే తగ్గించుకుంటది, దాన్నే థ్రాట్లింగ్ అంటాం. అప్పటికీ వేడి ఆగకపోతే మిషనే ఆఫ్ అయిపోద్ది. పైగా ఇప్పుడొచ్చే చిప్పులు లిమిట్ దాకా ఎంత ఖాళీ ఉంటే అంత వాడేసుకునేలా తయారు చేసినవే. ఇంటెల్ ఐ7 12700హెచ్ తీసుకోండి, దాని బేస్ పవర్ 45 వాట్లు, కానీ కంపెనీ ఒప్పుకుంటే టర్బోలో, అంటే కాసేపు స్పీడు పెంచుకునేటప్పుడు, 115 వాట్ల దాకా వెళ్తది. అందుకే గేమ్ లోడ్ అయ్యేటప్పుడు రెండు సెకన్లు 93 కొట్టి మళ్ళీ 78కి దిగుద్ది, అది చూసి హడలిపోయి రిటర్న్ పెడితే కొత్తగా వచ్చేది కూడా అలాగే కొడుద్ది.

అసలు చూడాల్సింది డిగ్రీలు ఒక్కటే కాదు, ఆ డిగ్రీల దగ్గర ఎన్ని వాట్లు లాగుతోంది అన్నది. 85 డిగ్రీల దగ్గర ప్రాసెసర్, కార్డు కలిపి 140 వాట్లు గంటసేపు నిలబెట్టే ల్యాప్‌టాప్ మంచిది. 75 దగ్గరే ఉండి 70 వాట్లకి పడిపోయే దాన్ని చూసి "అబ్బ ఎంత కూల్‌గా ఉందో" అనుకుంటే మీరు డబ్బులిచ్చిన పెర్ఫార్మెన్స్‌లో చాలా భాగం పెట్టెలోనే ఉండిపోయినట్టు. 140 వాట్లంటే పాత 100 వాట్ల బల్బు ఒకటి, 40 వాట్లది ఒకటి కలిపి ఆ పల్చటి డబ్బాలో వెలుగుతున్నట్టే, వేడి రాకుండా ఎలా ఉంటది చెప్పండి, వచ్చిన వేడిని బయటికి తోస్తోందా లేదా అన్నదే లెక్క.

ఇక ఎండ సంగతి. ఆ నాలుగో వంతు నిజం ఇక్కడే ఉంది. ఫ్యాను గది గాలినే లోపలికి లాగుద్ది, కాబట్టి గది 28 నుంచి 38కి పోతే అదే వాట్లకి చిప్పు వేడి కూడా దాదాపు ఆ పది డిగ్రీలూ పెరుగుద్ది, లేదా లిమిట్ తగిలి స్పీడు తగ్గుద్ది. చాలా కంపెనీల మాన్యువల్‌లో వాడుకోదగ్గ గది వేడి 35 డిగ్రీల దాకా అనే రాసి ఉంటది. మే నెలలో మధ్యాహ్నం పై అంతస్తు గదిలో ఏసీ లేకుండా కూర్చుంటే ఆ 35 ఎప్పుడో దాటేస్తాం, రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు కదా. సాయంత్రం అయింది కదా అని కూడా మోసపోకండి, పొద్దంతా ఎండ తిన్న స్లాబు రాత్రి తొమ్మిది పది దాకా వేడి వదులుతానే ఉంటది. కానీ దానికి అర్థం ఒక్క సమ్మర్‌లో బోర్డు కాలిపోద్దని కాదు, ఆ టైంలో పెద్ద గేము ఫుల్ సెట్టింగ్స్‌లో ఆడితే స్పీడు తగ్గుద్ది, ఫ్యాను గోల పెట్టుద్ది, సంవత్సరాల తరబడి అదే పని చేస్తే ఫ్యాన్లు, బ్యాటరీ తొందరగా ముసలివైపోతాయి. అంతే.

ఏసీ లేనివాళ్ళు చెయ్యగలిగింది బోలెడు ఉంది, ఆ ఫార్వర్డ్‌లో ఒక్కటీ లేదు. మీ స్క్రీన్ 144 హెర్ట్జ్ అయితే, అంటే సెకనుకి 144 ఫ్రేములే (బొమ్మలే) చూపించేదైతే, వాలరెంట్ లాంటి తేలిక గేముని సెకనుకి మూడొందల ఫ్రేములతో తిప్పడం దండగ, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ 144 దగ్గర కట్టేయండి, కార్డు మీద లోడు అక్కడే దిగిపోద్ది. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమం ప్రాసెసర్ స్టేట్ అని ఉంటే దాన్ని 100 నుంచి 99 చేయండి, చాలా ల్యాప్‌టాప్‌ల్లో టర్బో ఆగిపోద్ది, ప్రాసెసర్ వేడి బాగా పడుద్ది. కార్డు భారం ఎక్కువుండే గేముల్లో దీనివల్ల పోయే ఫ్రేములు తక్కువే, ప్రాసెసర్ మీద నడిచే గేముల్లో మాత్రం తేడా తెలుస్తది. 100, 99 రెండు సెట్టింగులూ పెట్టి మీరే ఆడి చూసుకోండి, సమ్మర్‌కి ఒకటి, డిసెంబర్‌కి ఒకటి పెట్టుకున్నా తప్పు లేదు. అండర్‌వోల్టింగ్, అంటే చిప్పుకి ఇచ్చే వోల్టేజీ తగ్గించడం, గురించి వీడియోలు చూసి ట్రై చేస్తే మీ ల్యాప్‌టాప్‌లో ఆ ఆప్షన్ లాక్ అయి ఉండొచ్చు, 2019లో ప్లండర్‌వోల్ట్ అనే సెక్యూరిటీ లోపం బయటపడ్డాక ఇంటెల్ మోడల్స్ చాలావాటిలో కంపెనీలు దాన్ని మూసేశాయి, అందుకని బయోస్‌తో (ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే లోపలి సెట్టింగ్స్‌తో) కుస్తీ పట్టకండి.

"ఐ9 తక్కువ వేడెక్కుద్ది" అన్నవాడెవడో గానీ తిరగేసి చెప్పాడు. ఐ9 13980హెచ్‌ఎక్స్ టర్బోలో 157 వాట్ల దాకా వెళ్తది. అదే బాడీలో, అవే ఫ్యాన్లతో ఐ5, ఐ7, ఐ9 మూడు వేరియంట్లు అమ్ముతుంటే ఐ9 ముందు లిమిట్ కొడుద్ది. గేములకి ఐ5 హెచ్ సిరీస్, రైజెన్ 7 చాలు, మిగిలిన డబ్బు కార్డు మీద, ర్యామ్ మీద పెట్టండి. వీడియో రెండరింగ్ రోజూ చేసేవాళ్ళ లెక్క వేరు.

ఈ మెసేజ్‌లో నాకు బాగా మండింది మాత్రం "కార్డు నంబర్ ఒకటే అయితే అన్నీ ఒకటే" అన్న ముక్క. దీన్ని నమ్మితే జేబుకి చిల్లు. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ కార్డుకి ఎన్విడియా ఇచ్చిన పవర్ రేంజ్ 35 నుంచి 115 వాట్లు, ఆ మధ్యలో ఎంత ఇవ్వాలో ల్యాప్‌టాప్ కంపెనీ ఇష్టం. 5060లో కూడా 45 నుంచి 100. పల్చగా ముద్దుగా ఉన్న మోడల్‌లో 4060 తక్కువ వాట్లతో కుంటుతుంటే, కాస్త మందంగా రెండుంపావు కిలోల పైన ఉన్న దాంట్లో 4050 ఫుల్ పవర్‌తో దాన్ని దాటేసే సందర్భాలున్నాయి. పేరు కూడా డెస్క్‌టాప్ పేరే కాబట్టి ఇంకా కన్‌ఫ్యూజన్: డెస్క్‌టాప్ 4090 అంటే 450 వాట్లు, 24 జీబీ మెమరీ, ల్యాప్‌టాప్ 4090 అంటే 150 వాట్లు, 16 జీబీ, లోపలి చిప్పు కూడా వేరే. గవర్నర్‌పేటలో ఒక షాపులో టీజీపీ, అంటే కార్డుకి ఇచ్చే ఆ వాట్లు, ఎంత అని అడిగితే ఆ కుర్రాడు "4060 అంటే 4060 యే సార్, ఇంకేం చూస్తారు, బ్యాగు ఫ్రీ" అన్నాడు. వాడి తప్పు కాదులే, ఎవరూ చెప్పి ఉండరు. మీరే కంపెనీ వెబ్‌సైట్లో స్పెక్స్ పేజీ కిందికంటా దిగి ఆ వాట్ల నంబర్ చూసుకోండి, షాపులో డెమో పీసు ఉంటే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కితే మ్యాగ్జిమం గ్రాఫిక్స్ పవర్ అని అక్కడే ఉంటది.

డెమో పీసు చేతిలో ఉండగానే తిరగేసి అడుగున జాలీ ఎంత ఉందో చూడండి, అందంగా నాలుగు గీతలు పెట్టి వాటిలో రెండు మూసేసినవి ఉంటాయి. వేడి గాలి వెనక నుంచి పోతోందా, కుడి పక్క నుంచా? కుడి పక్క నుంచి అయితే మౌస్ పట్టుకున్న చెయ్యి కాలుద్ది, మే నెలలో ఆ సుఖం వద్దు. కార్డు నుంచి బొమ్మని నేరుగా స్క్రీన్‌కి పంపే ఎమ్‌యూఎక్స్ స్విచ్ ఉంటే మంచిది, అది వేడికి కాదు ఫ్రేములకి.

కూలింగ్ ప్యాడ్ కంపల్సరీ ఏం కాదు. ఏడెనిమిది వందలకి దొరికే లైట్ల ప్యాడ్‌లో ఫ్యాను ఒకచోట, మీ ల్యాప్‌టాప్ గాలి లాగే జాలీ ఒకచోట ఉంటే అది లైట్ల కోసమే. వెనక వైపు ఒక అంగుళం ఎత్తండి, రెండు పాత సీసా మూతలైనా చాలు, చాలా మోడల్స్‌లో అసలు లాభం ఆ ఎత్తు వల్లే వస్తది. చుట్టూ ఫోమ్ పెట్టి గాలి లోపలికే తోసే బ్లోయర్ టైపు ప్యాడ్లు నిజంగా పనిచేస్తాయి, కాకపోతే వాటి చప్పుడుకి పక్క గదిలోవాళ్ళు తలుపు కొడతారు. పరుపు మీద, దిండు మీద పెట్టి ఆడేవాళ్ళకి ఏ ప్యాడూ అక్కర్లేదు, ఒక చెక్క పీట చాలు.

పేస్టు, అంటే ప్రాసెసర్ వేడిని పైనున్న హీట్‌సింక్‌కి (వేడి లాగే రాగి భాగానికి) దాటించే పూత, 3 నెలలకోసారి మార్చాలంట! ముందు అసలు లోపల ఏముందో తెలుసా? ఆసుస్ రోగ్ మోడల్స్‌లో చాలావాటికి ప్రాసెసర్ మీద పేస్టు బదులు లిక్విడ్ మెటల్ ఉంటది. అందులో గాలియం ఉంటది, కరెంటు పారుద్ది, బోర్డు మీద చుక్క పడితే షార్టు, అల్యూమినియానికి తగిలితే దాన్ని తినేస్తది. తెలియని చోట ఇచ్చి విప్పించారంటే ఎండ చెయ్యలేని పని ఆ మెకానిక్ చేసి పెడతాడు. ఇంకొన్నిటిలో వేడికి మెత్తబడి సర్దుకునే ఫేజ్ చేంజ్ ప్యాడ్ ఉంటది, అది సంవత్సరాలు నిలబడుద్ది. మామూలు పేస్టే అయినా రెండు మూడేళ్ళ తర్వాత, అదీ దుమ్ము శుభ్రం చేసినా వేడి తగ్గకపోతేనే.

దుమ్ము గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు చూశారా. గుంటూరులో మిర్చి యార్డు వైపు ఉండే ఒక ఫ్రెండ్ ల్యాప్‌టాప్ "కొత్తలో బానే ఉండేది, ఇప్పుడు పొయ్యి మీద పెట్టినట్టుంది" అని తెచ్చాడు. అడుగు మూత తీస్తే ఫ్యాను శుభ్రంగానే కనపడింది, అది చూసి మూసేస్తారు చాలామంది. ఫ్యాను మూత కూడా తీసి చూస్తే, ఫ్యానుకీ రాగి రేకులకీ మధ్య బూడిద రంగు దుమ్ము దట్టంగా అడ్డం పడుంది, ట్వీజర్‌తో ఒక కొస పట్టి లాగితే వేలెడంత ముక్క చెక్కుచెదరకుండా ఊడొచ్చింది. దాంట్లో కారం కూడా ఉన్నట్టుంది, ఇద్దరికీ అరగంట తుమ్ములే తుమ్ములు. పేస్టు ముట్టుకోకుండానే వేడి దిగింది. శుభ్రం చేసేటప్పుడు పవర్ ఆపేసి బ్యాటరీ కనెక్టర్ తీయండి, బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్క వేలితో పట్టుకోండి, అది గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుద్ది. వారంటీలో ఉంటే విప్పొచ్చో లేదో ముందు సర్వీస్ సెంటర్‌ని అడగండి, ఒక్కో కంపెనీది ఒక్కో రూలు.

చార్జర్ పీకి ఆడితే వేడి తగ్గేది నిజమే, ఎందుకంటే కార్డుకి పవర్ కోసేస్తది కాబట్టి, గేము కూడా నత్త నడకే. విమానాల రూల్ వల్ల ల్యాప్‌టాప్ బ్యాటరీలు 100 వాట్ అవర్స్ దాటవు, 140 వాట్లు లాగితే గంట కూడా రాదు, బ్యాటరీ మాత్రం బాగా నలిగిపోద్ది. చార్జర్ పెట్టే ఆడండి, మీ కంపెనీ యాప్‌లో, లెనోవో వాంటేజ్‌లోనో మైఆసుస్‌లోనో, చార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే ఆప్షన్ ఆన్ చేయండి. లిథియం బ్యాటరీకి వేడీ, ఫుల్ చార్జీ రెండూ కలిస్తేనే అసలు దెబ్బ. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు కనపడితే మాత్రం ఆ క్షణమే వాడకం ఆపి సర్వీస్‌కి ఇవ్వండి, నొక్కడాలు పొడవడాలు వద్దు.

ఫ్రిజ్ సంగతి ఒక్క మాట: చల్లబడ్డ ల్యాప్‌టాప్‌ని మన కృష్ణ ఒడ్డు ఉక్కలోకి తీస్తే బోర్డు మీద నీళ్ళు పడతాయి. వద్దు.

మరి రిటర్న్ ఎప్పుడు పెట్టాలి? వచ్చిన మొదటి రెండు మూడు రోజుల్లోనే, ఫ్యాను కింద మామూలు గదిలో, పెర్ఫార్మెన్స్ మోడ్‌లో బరువైన గేము ఒక అరగంట ఆడండి, పక్కన వేడి, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ నడపండి, అది ఫ్రీయే. కార్డు వాట్లు కంపెనీ చెప్పిన నంబర్‌కి దగ్గర్లో నిలబడితే 85 చూపించినా ఉంచుకోండి. వాట్లు సగానికి పడిపోతూ, ప్రాసెసర్‌లో ఒకటి రెండు కోర్లు మిగతావాటి కంటే పదిహేను ఇరవై డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంటే హీట్‌సింక్ సరిగ్గా కూర్చోలేదని అనుమానించాలి, ఆ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టి మొహమాటం లేకుండా రిటర్న్ పెట్టేయండి.