సబ్బుముక్క శాస్త్రం

సెకండ్ హ్యాండ్ కారు ఇంటికి రాగానే గుడికి తీసుకెళ్లి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. అయిదోది పెట్రోలు ట్యాంకు కింద పెట్టాలన్న ఆచారం పెద్దలు పెట్టలేదు. పెట్టి ఉంటే ఎవరో ఒకరు వంగాల్సి వచ్చేది. వంగితే కారే పెట్రోలు తడి కనపడేది. తడి కనపడితే "సింగిల్ ఓనర్, డాక్టరుగారు వాడిన బండి" అన్న మాట మీద నమ్మకం సడలేది. పెద్దలు ఊరికే ఏదీ మానేయరు.

ఇంత చక్కటి సంప్రదాయాన్ని ఈమధ్య కొందరు చాదస్తులు చెడగొడుతున్నారు. పెట్రోలు కారుతుంటే కారే చోటు వెతికి, అక్కడి పైపు మార్చేస్తున్నారు. ఇదే సాగితే తరతరాలుగా పోగేసుకున్న మన లీకు విజ్ఞానం ఏమైపోవాలి? అందుకే ఒకచోట రాసిపెడుతున్నాం.

మొదటి సూత్రం: కారేది పెట్రోలు కాదు, ఏసీ నీళ్లు. ఇది ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా ఆమోదించే తీర్మానం. కారు కింద రాత్రి పాత పేపరు పరిస్తే నిజం తేలిపోతుంది. నీళ్లు పడ్డచోట కాగితం ఆరాక ముడతలు పడుతుంది. పెట్రోలు పడ్డచోట ముడత రాదు, వాసన మిగులుతుంది. కానీ పేపరు పరిచి తీర్మానాన్ని అవమానించడం మర్యాద కాదు.

వాసన మరీ ముదిరితే డ్యాష్‌బోర్డు మీదికి మల్లెల సెంటుడబ్బా వస్తుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోకుండా నేలబారున పాకి, సెల్లార్ పార్కింగులోనో షెడ్డు గుంతలోనో చేరి, నిప్పురవ్వ కోసం ఓపిగ్గా ఎదురుచూస్తుంది. ఆ రవ్వ తగిలే క్షణంలో కూడా కారు మల్లెపూల వాసనే కొడుతుంది. ఆ మేరకు సెంటు గెలిచినట్టే.

అయితే శాస్త్రానికి పేరు తెచ్చింది సబ్బుముక్క. ట్యాంకు అడుగున సూదిబెజ్జమంత చిల్లు పడితే బట్టల సబ్బు తడపకుండా రుద్ది పూడుస్తారు. నవ్వకండి, ఇది పనిచేస్తుంది. సబ్బు పెట్రోలులో కరగదు. నీళ్లలో మాత్రం కరుగుతుంది. కాబట్టి వాన పడనంత కాలం, కారు కడగనంత కాలం ఈ మరమ్మతు శాశ్వతం. దారిలో చిక్కుకున్న బండిని షెడ్డు దాకా చేర్చే ఉపాయం ఇది. మన చేతిలో పడి మూడు వేసవులు నడుస్తుంది.

సబ్బు కన్నా ఆధునికులు ఎంసీల్ అనే గట్టిపడే ముద్ద మెత్తుతారు. అది గట్టిపడ్డాక పెట్రోలును బాగానే తట్టుకుంటుంది గానీ, తడి మీద అంటుకోదు. కారుతున్న చిల్లు మీద పెడితే ముద్దకూ రేకుకూ మధ్య పెట్రోలు పొర మిగిలి, రెండ్రోజుల్లో పెచ్చులా ఊడుతుంది. మామూలు సిలికాన్ గమ్ పెట్రోలు తాగి జున్నుముక్కలా ఉబ్బుతుంది. సైకిల్ ట్యూబు చుడితే అదీ అంతే. లోపల పెట్రోలు పారడం కనపడుతుందని ముచ్చటపడి తెల్ల ప్లాస్టిక్ పైపు వేసేవాళ్లున్నారు. ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే పదార్థాన్ని పెట్రోలు పీల్చేస్తుంది. పైపు పుల్లలా బిరుసెక్కి క్లిప్పు దగ్గర చిట్లుతుంది. ఇక లోహపు గొట్టం నట్టు దగ్గర కారితే టెఫ్లాన్ టేపు. అక్కడ లీకును ఆపేది మర కాదు, గొట్టం మూతి అంచు వెళ్లి ఫిట్టింగులో ఒత్తుకోవడం. టేపు చేసే ఉపకారమల్లా, దాని పోగొకటి లోపలికి జారి, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్‌లోని సన్నటి బెజ్జంలో, అంటే జెట్‌లో కూర్చోవడం. అప్పుడు లీకుతోపాటు కొత్తగా ఇంజను తడబడే మిస్సింగు కూడా వస్తుంది. ఒక టేపు, రెండు రోగాలు.

ఇప్పుడు చాదస్తుడి తంతు చూడండి. ముందు బండిని ముట్టుకోడు, ప్రశ్నలేస్తాడు. ఫుల్ ట్యాంకు కొట్టించిన రోజే వాసన వస్తోందా? అయితే పెట్రోలు పోసే గొట్టానికున్న రబ్బరు పైపో, గాలి పైపో, ట్యాంకు నెత్తిన గేజీ బిగించిన చోటి ప్యాకింగో. ఇంజను నడిచేటప్పుడే కారుతోందా? పంపు నుంచి వెళ్లే లైనో, తిరిగొచ్చే లైనో. బండి ఆపినా చుక్క ఆగడం లేదా? ట్యాంకు అడుగు చూడాలి. ధారగా కారుతుంటే స్టార్టే చేయడు. కొద్దిపాటి తడైతే అనుమానమున్న చోటల్లా తుడిచి, ఆరనిచ్చి, టాల్కం పౌడరు చల్లుతాడు. తెల్లపొడి మీద ముదురు చార ఎక్కడ మొదలైతే అక్కడే లీకు. చుక్క రాలే చోటును నమ్మకూడదట. పెట్రోలు గొట్టం వెంట పాకి అడుగు దూరం పోయి రాలుతుందట. మనమైతే రాలే చోటే ఎంసీల్ పెట్టి ఇంటికెళ్లేవాళ్లం.

ఎంపీఎఫ్ఐ బండి (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మేది) అయితే పైపు విప్పే ముందు ఇంకో పూజ ఉంది. లైనులో సుమారు 3 బార్ ఒత్తిడి ఉంటుంది. టైరులో 30 పాయింట్లు కొట్టిస్తామే, దానికి ఒకటిన్నర రెట్లు. ఇంజను ఆపినా ఆ ఒత్తిడి నిలిచే ఉంటుంది. అందుకని పంపు ఫ్యూజు పీకి, బండి స్టార్ట్ చేసి, దానంతటది ఆగిపోయేదాకా ఉంచి, మరో రెండు మూడు సెకన్లు సెల్ఫ్ కొడతాడు. ఆ తర్వాత బ్యాటరీ నెగిటివ్ తీగ విప్పుతాడు. ఇదంతా ఆరుబయట, ఇంజను చల్లారాక, పక్కన పౌడరు ఫైర్ సిలిండరు పెట్టుకుని. పెట్రోలును నోటితో పీల్చి తీయడు, చేతిపంపు వాడతాడు. గుటకేస్తే పోయేది కడుపు అనుకుంటాం. ఊపిరితిత్తుల్లోకి నాలుగు చుక్కలు పోయినా న్యుమోనియా.

పైపు దగ్గర ఇతగాడి పిసినారితనం పూర్తిగా మాయమవుతుంది. పైపు మీద అచ్చువేసిన, పైపు రకం చెప్పే అక్షరాలు చదువుతాడు. కార్బురేటర్ బండికి 30ఆర్7 సరిపోతుంది, ఎంపీఎఫ్ఐకి 30ఆర్9, ట్యాంకు లోపల పెట్రోలులో మునిగి ఉండే ముక్కకు 30ఆర్10. ఆర్9 పైపుకు లోపలి పొర గట్టిదే కానీ, బయటి పొర నిత్యం పెట్రోలులో నానడానికి చేసింది కాదు. పాత గొట్టాన్ని వెర్నియర్‌తో కొలిచి అదే సైజు తెస్తాడు. బ్లేడుతో నిటారుగా కోస్తాడు. గొట్టం మూతి దగ్గరున్న ఉబ్బు దాటి అంగుళం లోపలికి ఎక్కిస్తాడు. క్లిప్పు ఉబ్బు మీద కాకుండా దాని వెనక పడాలంటాడు. పట్టీ అంచులు బయటికి మడిచి ఉన్న క్లిప్పే వాడతాడు. గాట్లున్న మామూలు పట్టీని బలమున్నంత బిగిస్తే గాట్లలోంచి రబ్బరు పొంగి, పైపు అక్కడే తెగుతుంది. "గట్టిగా బిగించెయ్, సార్ మళ్లీ రాకూడదు" అంటూ చాలామంది సార్‌లను మళ్లీ రప్పించింది ఆ పట్టీయే.

ఇంజెక్టర్ దగ్గర తడి ఉంటే ఓ-రింగు అనే రబ్బరు వలయం మార్చి, శుభ్రమైన ఇంజనాయిలు చుక్క రాసి కూర్చోబెడతాడు. కూర్చున్నాక ఇంజెక్టర్ చేత్తో తిప్పితే తిరగాలి. తిరక్కపోతే రింగు మెలిపడినట్టే, మళ్లీ తీయాల్సిందే.

1983లో రోడ్డెక్కిన మారుతి 800ల్లో పాత కార్బురేటర్ బళ్లది మరో సొగసు. పంపు సిలిండర్ హెడ్‌కే బిగించి ఉంటుంది. లోపలి డయాఫ్రమ్ అనే పలచటి పొర చిరిగితే పెట్రోలు పంపు కిందున్న చిన్న బెజ్జంలోంచి బయటికి కారుతుంది, లేదా ఇంజనాయిల్లోకి దిగుతుంది. ఆయిలు కొలిచే డిప్‌స్టిక్ తీస్తే ఆయిలు మట్టం పెరిగి ఉంటుంది. వాడుతున్నకొద్దీ ఆయిలు పెరుగుతోందని మురిసిపోయే ఓనర్లను చాదస్తుడు అర్థం చేసుకోలేడు. పంపు, దాని ప్యాకింగు, పలచబడ్డ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు అన్నీ మార్చాలని కూర్చుంటాడు. కార్బురేటర్ పొంగుతుంటే మనం స్క్రూడ్రైవర్ పిడితో దాని పక్కన రెండు దరువులేస్తాం. లోపల పెట్రోలు రాకను ఆపే సూది ఇరుక్కున్నది కదిలి పొంగు ఆగుతుంది, వారానికి మళ్లీ పొంగుతుంది. అతను సూదినీ, అది కూర్చునే సీటునూ జతగా మార్చి, పెట్రోల్ ఫిల్టరు కొత్తది వేస్తాడు. చెత్త వచ్చిన దారి మూయాలట.

ఇక ట్యాంకు. మన వీరులు "ఖాళీయే కదా" అని నేరుగా గ్యాస్ వెల్డింగ్ పెట్టిస్తారు. నిండు ట్యాంకులో ఉండేది పెట్రోలు. ఖాళీ ట్యాంకులో ఉండేది ఆవిరీ గాలీ కలిసిన మందుగుండు. చాదస్తుడు వెల్డింగ్ జోలికే పోడు, తుప్పుపట్టిన ట్యాంకు మార్చేస్తాడు. ఒకచోట చిల్లుపడ్డ తుప్పురేకు పక్కన ఇంకో పది చిల్లులు వరసలో ఉంటాయని అతని వాదం. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన బండి అయితే ఆ వరస ఇంకా పొడుగట.

అన్నిటికీ ఇప్పుడు కొత్త ముద్దాయి దొరికాడు, ఇథనాల్. 2025కి పెట్రోలులో 20 శాతం దాకా వచ్చింది. పాత రబ్బరు దానికి ఉబ్బి మెత్తబడే మాట నిజమే. ఇథనాల్ నీటిని పీల్చే మాటా నిజమే. కానీ ఇరవయ్యేళ్లుగా ఇంజను వేడిలో ఉడికి, వంచితే బీటలు చూపే పైపు ఇథనాల్ రాకముందే రాజీనామా రాసి జేబులో పెట్టుకుంది. ఆమోదించేవాడే కరువు.

బిగింపులయ్యాక బ్యాటరీ తీగ, ఫ్యూజు పెట్టి, స్టార్ట్ చేయకుండా తాళం రెండు మూడు సార్లు ఆన్ చేస్తాడు. పంపు ప్రతిసారీ రెండు సెకన్లు గుర్రుమని ఒత్తిడి ఎక్కిస్తుంది. ప్రతి జాయింటు మీదా పొడి టిష్యూ ఆడిస్తాడు. ఆ తర్వాత స్టార్ట్ చేసి పది నిమిషాలు నడిపి, ఆపి, వేడి మీద మళ్లీ చూస్తాడు. రాత్రికి కారు కింద పాత పేపరు పరుస్తాడు. తెల్లారేసరికి దాని మీద మరకా ఉండదు, వాసనా ఉండదు. పక్కింటివాళ్లు వచ్చి అడిగితే చెప్పుకోవడానికి ఒక్క ముక్కా ఉండదు.