అమ్మకు మిలటరీ పెన్షన్

అమెరికాలో అక్టోబరు వచ్చిందంటే కాలేజీ ఫారాల కాలం. చదువు ఖర్చుకు సాయం కోరుతూ నింపే ప్రభుత్వం వారి ఫారం ఫాఫ్సా కొంచెం మర్యాదస్తురాలు, రిటైర్‌మెంట్ ఖాతాల్లో ఎంతుందో అడగదు. కొన్ని ప్రైవేటు కాలేజీలకు అది చాలదు, సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఫారం కూడా నింపమంటాయి. అది పెళ్ళిచూపులకొచ్చిన మేనత్త లాంటిది. ఇల్లు ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, ముసలితనానికి ఏం దాచుకున్నారు, అన్నీ కావాలి.

మా అమ్మాయి కోసం ఆ ఫారం ముందు మా వారు కూర్చున్నారు. రిటైరయ్యాక ఎవరికి ఏం వస్తాయో టిక్ పెట్టాలి. తన వాటికి టకటకా పెట్టుకున్నారు. నా వంతు రాగానే, "నీకేమీ లేదు" అన్నారు.

"అదేంటండీ?"

"నువ్వు ఉద్యోగం చేయలేదు కదే! ఇక రిటైర్‌మెంట్ ఎక్కడిది?"

ఆ మాటన్నప్పుడు ఆయన చేతిలో ఉన్న కాఫీ నేను కలిపిందే. దాని గురించి ఫారంలో ప్రశ్న లేదు.

ఆయన మాటలో సగం నిజముంది. సోషల్ సెక్యూరిటీ, అంటే ప్రభుత్వం వారి పెన్షన్, సొంతంగా రావాలంటే సంపాదన మీద వచ్చే క్రెడిట్లు 40 ఉండాలి, ఏడాదికి నాలుగుకు మించి ఇవ్వరు. నా ఖాతాలో ఒక్కటీ లేదు. హెచ్-1బీ ఉద్యోగుల వెంట హెచ్-4 వీసా మీద వచ్చిన భార్యల్లో కొందరికైనా పని చేసుకునే అనుమతి దొరికింది 2015లో. అప్పటికి మా చిన్నవాడు డైపర్లలో ఉన్నాడు. పోనీ గుంటూరులో లెక్చరర్‌గా చేసిన ఏళ్ళు కలుపుతారా అంటే, ఇండియాతో అలాంటి ఒప్పందమే లేదట. భర్త జీతం చూపించి భార్య పేరున ఐఆర్ఏ అనే రిటైర్‌మెంట్ ఖాతాలో వేసుకోవచ్చు. మేం వేయలేదు. ఆ డబ్బులు గరాజ్‌లో నాలుగు చక్రాల మీద ఉన్నాయి.

కానీ మిగతా సగం ఆయనకు తెలియదు. ఫోన్‌లో చూసి చదివి వినిపించాను: భర్త సోషల్ సెక్యూరిటీ తీసుకోవడం మొదలుపెట్టాక, భార్యకు 67 ఏళ్ళు నిండితే, ఆయన పూర్తి మొత్తంలో సగం దాకా ఆమెకు వస్తుంది.

"సగమా! నా దాంట్లోంచి కోస్తారా?"

"కోయరు. మీది మీకే. నాది విడిగా ఇస్తారు."

ఊపిరి పీల్చుకున్నారు. వెంటనే కుర్చీలో వెనక్కి వాలి, "అంటే నేను మొదలుపెడితేగానీ నీకు రాదన్నమాట" అన్నారు. ఆ ఠీవి చూశాక కింది పేరా కూడా చదవక తప్పలేదు. పదేళ్ళు కాపురం చేసి విడిపోయినా, మళ్ళీ పెళ్ళి చేసుకోకపోతే, మాజీ భర్త లెక్క మీద కూడా వస్తుంది. విడాకులై రెండేళ్ళు దాటితే, ఇద్దరికీ 62 నిండాక, ఆయన ఎప్పుడు మొదలుపెడతాడా అని ఎదురుచూడక్కర్లేదు.

"మన పెళ్ళై ఎన్నేళ్ళయిందండీ?" అని మామూలుగానే అడిగాను.

మా వారు గబుక్కున మౌస్ అందుకుని నా పేరు కింద టిక్ పెట్టేశారు. ఎక్కడ పడిందో చూసుకోకుండానే ఫారం పంపేశారు కూడా.

కొన్నాళ్ళకు కాలేజీ నుంచి అమ్మాయికి మెయిల్ వచ్చింది. తల్లిగారి సైనిక పెన్షన్ వివరాలు పంపమని.

"అమ్మా, నువ్వు ఏ యుద్ధంలో చేశావే?"

మా వారు లాప్‌టాప్‌లోంచి తలెత్తలేదు. సవరణ ఉత్తరం ఆయన్నే రాయమన్నాం. మొదటి ప్రతిలో "నా భార్య ఏమీ చేయదు" అని ఉంది. కొట్టేయించాను. రెండోసారి, "గృహిణి. భర్త ఖాతా మీద సోషల్ సెక్యూరిటీకి అర్హురాలు" అని రాశారు. పైకి చదవమంటే చదివారు.

"సగం అన్నది కూడా రాయండి" అన్నాను.

"వాళ్ళకు తెలుసులేవే" అన్నారు.