అప్పు చేసి వైరాగ్యం

గోదావరి జిల్లాల వాళ్ళకి వస్తువుల మీద యావ ఎక్కువనీ, ఆర్భాటం తప్ప మరో ధ్యాస లేదనీ, అందుకే ఎంత ఉన్నా సుఖం లేకుండా ఏడుస్తున్నారనీ ఈ మధ్య ఎవరు పడితే వారు అనేస్తున్నారు. పండక్కి హైదరాబాదు నుంచి దిగి, మనింట్లో బొమ్మిడాయిల పులుసు తిని, చెయ్యి కడుక్కుంటూ మరీ అంటున్నారు. ఈ అపనిందను డెల్టా ప్రజల తరఫున తీవ్రంగా ఖండిస్తున్నాను. మన దగ్గర ఉన్నది యావ కాదు. వైరాగ్యం.

యావ ఉండాలంటే ముందు వస్తువు మనదై ఉండాలి కదండీ. ధవళేశ్వరం దిగువన ఏ కాలవగట్టు ఊరికైనా వెళ్ళి చూడండి. వాకిట్లో కారుంటుంది. దాని ఆర్‌సీలో ఓనరు పేరుతో పాటు ఫైనాన్స్ కంపెనీ పేరు కూడా అచ్చేసి ఉంటుంది. హాల్లో గోడంత టీవీ, వాయిదాలు నడుస్తున్నాయి. చేతిలో ఫోను, అదీ వాయిదాలే. మెడలో గొలుసు ఉండాలి గానీ అది బ్యాంకులో ఉంది. ఇదివరకు 'నాది' అని చెప్పుకోవడానికి ఒక్క రేషన్ కార్డు ఉండేది. కారున్న ఇంటికి బియ్యం కార్డు ఇవ్వరు గనక అదీ పోయింది. ఈ లోకంలో నాదంటూ ఏదీ లేదని ఋషులు ఏళ్ళ తరబడి తపస్సు చేసి తెలుసుకున్నారు. మనవాడికి ఆ సంగతి ప్రతి నెలా అయిదో తారీఖున బ్యాంకు వాళ్ళే మెసేజ్ పెట్టి గుర్తు చేస్తున్నారు.

బంగారం గురించి కాస్త తీరిగ్గా మాట్లాడుకోవాలి. మన వైపు బంగారాన్ని కాసుల్లో లెక్కేస్తాం. కాసంటే 8 గ్రాములు. 2025 ఏప్రిల్‌లో మేలిమి బంగారం 10 గ్రాములు లక్ష రూపాయలు దాటింది. అంటే అప్పటికి కాసు 80 వేల పైమాటే. అదే ఏడాది సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు. మన 75 కిలోల బస్తాకి 1,777 పడింది. ఆ లెక్కన భాగించుకుంటే కాసుకి 45 బస్తాలు. దాళ్వా, అంటే రెండో పంట, బాగా పండిన ఎకరంలో వచ్చేది ఇంచుమించు అంతే. అంటే ఒక ఎకరం పంట మొత్తం, ఇంటికి గింజ తెచ్చుకోకుండా, కౌలుకీ ఎరువుకీ కోత మిషనుకీ పైసా ఇవ్వకుండా అమ్మితే, ఒక్క కాసు. మజూరీ, తరుగు వేరే. మిల్లు దగ్గర తేమ అనీ తరుగు అనీ ధాన్యంలో కోస్తారు, నగల కొట్లో తరుగు అని బిల్లులో కలుపుతారు. రెండు చోట్లా జేబు తడుముకునే మనిషి ఒక్కడే.

పోనీ, అంత చేసి కొన్న కాసుని ఒంటి మీద ఉంచుకుంటారా? సార్వా, అంటే వానాకాలం వరి, దమ్ములకి పెట్టుబడి కావాలి, బ్యాంకుకి పోతుంది. మాఘమాసం ముహూర్తాలకి ఎక్కడో చేబదులు తెచ్చి విడిపిస్తారు. ఫోటోలు అవగానే మళ్ళీ బ్యాంకు. మనుషుల మెడలో కంటే ఇనప్పెట్టెలో ఎక్కువ కాలం గడిపిన గొలుసులు మన జిల్లాలో బోలెడు. ఇక పెళ్ళిలో ధగధగా మెరిసేది చాలావరకు చిలకలపూడి రోల్డ్ గోల్డ్. అసలుది చల్లటి గదిలో తపస్సు చేసుకుంటుంటే నకిలీది దాని తరఫున పెళ్ళికి హాజరవుతోంది. పందిట్లో కూర్చున్న ఆడవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అయినా ఎవరూ ఎవర్నీ నిలదీయరు. "ఎన్ని కాసులు పెట్టారు వదినగారూ?" అని మాత్రం అడుగుతారు. "ఆయ్, పాతిక పెట్టామండి" అని అటు నుంచి జవాబు వస్తుంది. ఎక్కడ పెట్టారన్నది అడగకపోవడమే మర్యాద.

మన వైరాగ్యానికి సర్కారు వారి ధ్రువపత్రం కూడా ఉంది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం వ్యవసాయ కుటుంబాల మీద చేసిన సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం కుటుంబాలకి అప్పులున్నాయని తేలింది. దేశం మొత్తానికి ఇది 50.2 శాతం. కుటుంబానికి సగటు అప్పు దేశంలో 74,121 రూపాయలైతే మనకి 2,45,554. రెండింట్లోనూ మన రాష్ట్రమే ఫస్టు. నాయకుడి గారి మేనల్లుడి పుట్టినరోజుకి సెంటరంతా ఫ్లెక్సీలు కట్టే మనం, ఇంత జాతీయ గౌరవానికి ఒక్క ఫ్లెక్సీ కట్టలేదు. నా బెంగంతా ఆ మిగిలిన 6.8 శాతం గురించే. అప్పు లేదంటే ఇచ్చేవాడు లేడని ఊరు అనుకుంటుంది. పాపం వాళ్ళ పిల్లలకి సంబంధాలు ఎలా కుదురుతున్నాయో.

అయితే అప్పుల్లోనూ రకాలున్నాయి. కౌలు రైతుకి పొలం కాగితాలు తన పేర ఉండవు కాబట్టి బ్యాంకు మేనేజరు కుర్చీ చూపించడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, ఎరువుల కొట్లోనో ధాన్యం కమీషన్ వ్యాపారి దగ్గరో తెచ్చుకుంటాడు. అదే పొలం పాసుపుస్తకం చూపించి ఆసామీ 7 శాతానికి పంట రుణం తెచ్చుకుంటాడు. సకాలంలో కడితే నికరంగా 4 శాతమే పడుతుంది. దుక్కి దున్నేది ఒకరు, పంట రుణం తెచ్చేది ఇంకొకరు. ఆ డబ్బు కారు డౌన్ పేమెంటుకి పోయినా గట్టు మీదకొచ్చి అడిగేవాడు లేడు. ఒకరిది యూరియా అప్పు, ఒకరిది సన్‌రూఫ్ అప్పు. ఊరి అప్పు లెక్క తీసినప్పుడు మాత్రం ఇద్దరూ ఒకే వరసలో నిలబడతారు. సమానత్వం కోసం జెండాలు పట్టిన వాళ్ళెవరికీ ఇంత తేలికైన దారి తట్టలేదు.

రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులో ఒక సర్క్యులర్ ఇచ్చింది. సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేనే లేదు, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజులో దాచి జనాన్ని మభ్యపెట్టొద్దు అని బ్యాంకులకి చెప్పింది. వ్యాపారస్తులు చట్టానికి తలవంచారు. ఇప్పుడు బోర్డు మీద 'నో కాస్ట్ ఈఎంఐ' అని రాస్తున్నారు. 2025 సెప్టెంబరులో ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గినప్పుడు, ఉన్న ఏసీకి తోడు మరొకటి కొని డబ్బు మిగుల్చుకున్న వాళ్ళని నేనెరుగుదును. అసలు కొనకపోతే మొత్తం మిగిలేది కదా అంటే, "అలా మిగిలింది ఎవరికి కనపడుద్దండీ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ ఏసీలైనా వాడుకుంటున్నారా అంటే అదీ లేదు. కొడుకు డాలస్ నుంచి డబ్బు పంపి కట్టించిన డూప్లెక్స్‌లో గదికో ఏసీ ఉంటుంది. కరెంటు బిల్లుకి భయపడి పెద్దాయన వీధరుగు మీద నులకమంచం వాల్చుకుని విసనకర్రతో విసురుకుంటూ ఉంటాడు. పెద్దావిడ మాడ్యులర్ కిచెన్‌కి మసి అంటకుండా పెరట్లో పొయ్యి పెట్టుకుంటుంది. రాజోలు, నరసాపురం వైపు ఇంకో రకం మేడలున్నాయి. గ్రానైట్ మెట్లు, స్టీలు రెయిలింగు, గేటుకి తాళం. ఆ ఇల్లాలు కువైట్‌లో వేరేవాళ్ళ ఇల్లు తుడుస్తోంది, ఈ ఇంటి స్లాబు బాకీ తీర్చడానికి. తాను కట్టుకున్న ఇంట్లో తాను ఉండకపోవడం కంటే త్యాగం ఏముంటుంది? ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం నాకు హాస్యం సరిగ్గా రావడం లేదు. ముందుకు పోదాం.

పులస. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెతని చూపించి మనల్ని దుబారా మనుషులంటారు. చదవడం రాక అంటున్నారు. పుస్తెలు అమ్మమన్నారు గానీ తాకట్టు పెట్టమన్నారా? వెనకటి వాళ్ళు అమ్మేవారు, తినేవారు, చెయ్యి కడుక్కునేవారు. లెక్క అక్కడితో సరి. మనం తాకట్టు పెట్టి తింటాం. చేప ఆ రాత్రే అరిగిపోతుంది, వడ్డీ అరగదు. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటారు. వరదల్లో ఎర్రనీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వచ్చాక పులస అవుతుంది, యానాం వేలంలో ఒక్క చేప 20 వేలు దాటిన రోజులున్నాయి. ఒడిశా, బెంగాల్ నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిన చేప కూడా ఆ పేరు మీదే అమ్ముడుపోతోందని బెస్తవాళ్ళు మొత్తుకుంటున్నారు. కొన్నవాడికి ఆ పట్టింపు లేదు. వాట్సాప్ స్టేటస్‌లో అన్ని చేపలూ ఎదురీదినవే.

ఇక అల్లుళ్ళు. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించింది. దేశంలో పేపర్లన్నీ రాశాయి. మరుసటేడు భీమవరంలో 173 అని మళ్ళీ వార్త. ఈ వార్తల్లో రుచి గురించి ఒక్క వాక్యం లేదు, సంఖ్యే ఉంది. అల్లుడుగారి వైపు నుంచి ఆలోచించండి. ఎదురుగా పూతరేకులు, కాజాలు, గోరుమిటీలు, రొయ్యల వేపుడు, పీతల ఇగురు. చుట్టూ బంధువులు, కెమెరాలు. ఒక్కోటి చిటికెడు ముట్టుకుని నవ్వుతూ కూర్చోవాలి. అన్నీ ఎదురుగా ఉండగా ఆకలితో లేచిపోవడాన్ని మన శాస్త్రాలు ఇంద్రియ నిగ్రహం అంటాయి. మామగారి నిగ్రహం ఇంకో మెట్టు పైది. ఆయన బిల్లు చూసి కూడా నవ్వుతున్నాడు.

2011 సార్వాకి గిట్టుబాటు కావడం లేదని కోనసీమ రైతులు క్రాప్ హాలిడే పెట్టారు. వేల ఎకరాలు బీడు పడ్డాయి, ప్రభుత్వం విశ్రాంత ఐఏఎస్ అధికారి మోహన్ కందా గారి కమిటీని వేసింది. అన్నం పెట్టే పంటకి సెలవిచ్చిన నేల ఇది. అలాంటిది ఫంక్షన్‌కి సెలవిచ్చిన ఊరు ఒక్కటి చూపించండి. ఆడపిల్లకి ఓణీల ఫంక్షన్, మగపిల్లాడికి పంచెల ఫంక్షన్, గృహప్రవేశం, షష్టిపూర్తి, అన్నిటికీ డ్రోను. ఈ ఖర్చంతా దండగని వాదించేవాళ్ళకి చదివింపుల పుస్తకం గురించి తెలియదు. పందిరి చివర బల్ల వేసుకుని, ఇంటికి నమ్మకమైన మనిషి ఒకాయన కూర్చుని, ఎవరు ఎంత చదివించారో రాస్తుంటాడు. డెల్టాలో అన్నిటికంటే గట్టి బ్యాంకు అదే. హామీ అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు, ఎగ్గొట్టినవాడు లేడు. 1,116 రాయించినవాడి ఇంట్లో శుభకార్యం వస్తే 2,116 పట్టుకెళ్ళాలి. ఆ డబ్బు కోసం డ్వాక్రా సంఘంలోనో వారం వాయిదాల ఫైనాన్స్‌లోనో తెస్తారు. ఇచ్చింది రాబట్టుకోవాలంటే మనింట్లో కూడా ఏదో ఒక ఫంక్షన్ చెయ్యాలి. కొడుకులిద్దరికీ పెళ్ళిళ్ళైపోయి, రాబట్టుకునే దారి లేక, ఉన్న ఇంటికే రెండో అంతస్తు వేసి గృహప్రవేశం పెట్టినవాళ్ళున్నారు. పై అంతస్తులో ఇప్పుడు కొబ్బరికాయలు పోస్తున్నారు.

చూపించుకోవడానికి కొనే కొనుగోళ్ళ మీద థార్‌స్టీన్ వెబ్లెన్ అనే అమెరికా ఆర్థికవేత్త 1899లోనే పెద్ద సిద్ధాంతం చేశాడు. ఆయన పరిశీలించింది పనీపాటా లేని ధనవంతుల్ని. పనీ, అప్పూ రెండూ ఉన్నవాళ్ళు కూడా ఈ విద్యలో రాణించగలరని ఆయనకి తెలియదు. పాలకొల్లు రాలేదు కదా.

విశ్వదృష్టి విషయంలోనూ మనల్ని తక్కువ చెయ్యడానికి లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచింది. వాషింగ్టన్‌లో సంతకం పడితే ఉండి మండలంలో రొయ్యల చెరువు గట్టు మీద బీపీ పెరిగింది. కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో చూసి కట్టే కౌంటు రేటు పడిపోయినా మేత కొట్టు బాకీ తగ్గదు, చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ల కరెంటు ఆగదు, గేటు ముందున్న కొత్త బండి వాయిదా అసలే ఆగదు. లోకంలో అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని చెప్పే వేదాంతులు ఉంటారు. రొయ్యల రైతుకి ఆ సంగతి తారీఖుతో సహా తెలుసు.

ఇంత సాధన చేసిన జనానికి సంతోషం లేదట. 2025 ప్రపంచ సంతోష నివేదికలో 147 దేశాల్లో మనది 118వ స్థానం. ఫిన్లాండ్ వరసగా ఎనిమిదోసారి ఫస్టు. ఈ మార్కులు ఎలా వేస్తారో తెలుసుకుంటే నాకు కోపం వచ్చింది. సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెనని ఊహించుకోమంటారు. మీ జీవితం ఎన్నో మెట్టు మీద ఉందో చెప్పమంటారు. అంతే ప్రశ్న. ఫిన్లాండ్ వాడు తన బతుకు తను చూసుకుని ఒక అంకె చెప్పేస్తాడు కాబోలు. మనవాడు అలా బాధ్యత లేకుండా చెప్పగలడా? "పక్కింటి బాబాయిగారు ఎంత చెప్పారండీ?" అని ముందు అడుగుతాడు. ఆ సర్వే కుర్రాడు చెప్పకూడదంటాడు. కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, తోటలో కొబ్బరిబొండం కొట్టించి మెల్లగా అడిగితే, ఆరు అన్నారని బయటపెడతాడు. అయితే మాది ఏడు రాయండంటాడు మనవాడు. కుర్రాడు వెళ్ళాక గుమ్మంలో నిలబడి, ఆ ఏడో మెట్టుకి ఫైనాన్స్ ఎవరిస్తారో వాకబు మొదలెడతాడు.