ఆ పన్నెండు మంది డాక్టర్ల పేర్లు చెప్పండి చూద్దాం

మళ్ళీ వచ్చింది. మొన్న అపార్ట్‌మెంట్ గ్రూపులో, తర్వాత డిగ్రీ బ్యాచ్ గ్రూపులో, ఇప్పుడు మా బాబాయి దగ్గర్నుంచి విడిగా. పైన మైకేల్ జాక్సన్ నల్ల టోపీ ఫొటో, కింద వరసగా దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు, చివర్న "పది మందికీ పంపండి". మీకూ వచ్చే ఉంటుంది. అయినా క్లుప్తంగా చెప్తాను. జాక్సన్‌కి 150 ఏళ్ళు బతకాలని కోరికట. తల వెంట్రుక నుంచి కాలి గోరు దాకా రోజూ పరీక్షించడానికి ఇంట్లోనే 12 మంది డాక్టర్లట. ల్యాబ్‌లో పరీక్ష చేశాకే తిండి ముట్టేవాడట. వ్యాయామం చేయించడానికి 15 మంది. ఆక్సిజన్ అందించే మంచం. ఏ అవయవం పాడైతే అది ఇవ్వడానికి జీతాలిచ్చి పోషిస్తున్న దాతలు. నల్లగా పుట్టినందుకు సిగ్గుపడి తోలు తెల్లగా చేయించుకున్నాడట. ఇంత చేసినా 50 ఏళ్ళకే గుండె ఆగింది, డాక్టర్లంతా కలిసినా కాపాడలేకపోయారు, కాబట్టి చావుతో సవాలు చేయకండి.

చావుని ఎవరూ గెలవలేరని చెప్పడానికి జాక్సన్ దాకా పోవాలా? రోజూ పేపర్లో వచ్చే శ్రద్ధాంజలి పేజీ చాలు.

చిల్లర సంగతులు ముందు తేల్చేద్దాం. 15 మంది వ్యాయామం మాస్టర్లు: పసితనం నుంచి స్టేజీ మీద చెమటోడ్చినవాడికి అంతమంది ఎందుకో రాసినవాళ్ళకే తెలియాలి. తిండి పరీక్షించే ల్యాబ్: ఎక్కడుందో, ఎవరు నడిపారో మెసేజ్‌లో లేదు, ఇంకెక్కడా లేదు. "లాస్ ఏంజెలెస్ డాక్టర్లు, కాలిఫోర్నియా డాక్టర్లు కలిసి ప్రయత్నించారు" అని ఒక వాక్యం ఉంది. నల్గొండ డాక్టర్లూ తెలంగాణ డాక్టర్లూ కలిసి వైద్యం చేశారన్నట్టుంది. ఈ ఒక్క వాక్యం చదివాకైనా ఫార్వర్డ్ బటన్ మీద నుంచి వేలు తీసేయాల్సింది.

దాతల సంగతి మాత్రం నవ్వొచ్చే రకం. అమెరికాలో అవయవాల కొనుగోలు, అమ్మకం 1984 నుంచి చట్టరీత్యా నేరం. సరే, డబ్బున్నోడు చట్టాన్ని లెక్కచేయలేదనే అనుకుందాం. గుండె ఇచ్చే దాత ఏం చేస్తుంటాడు ఆ ఇంట్లో? పొద్దున్నే లేచి, టిఫిన్ తిని, టీవీ చూస్తూ తన వంతు కోసం కూర్చుంటాడా? బతికున్న మనిషి గుండె దానం చేయలేడని మెసేజ్ పంపేవాళ్ళలో ఒక్కరికీ తట్టదు. వాళ్ళలో ఇద్దరు ఫార్మసీ చదివారు.

ఆక్సిజన్ మంచం, 150 ఏళ్ళు. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఈ కట్టుకథ మన వాట్సాప్ పండితులు అల్లింది కాదు. 1984 జనవరిలో పెప్సీ ప్రకటన షూటింగ్‌లో జాక్సన్ జుట్టుకి నిప్పంటుకుని తలమీద చర్మం కాలింది. కంపెనీ ఇచ్చిన 15 లక్షల డాలర్ల పరిహారాన్ని తనకి వైద్యం చేసిన ఆస్పత్రిలోని కాలిన గాయాల విభాగానికి ఇచ్చేశాడు. అలాంటి గాయాల వైద్యంలో వాడే ఆక్సిజన్ గదిలో పడుకుని ఒక ఫొటో దిగాడు. 1986లో అమెరికాలో ఒక గాసిప్ పత్రిక ఆ ఫొటో వేసి, 150 ఏళ్ళు బతకడానికి రోజూ అందులోనే నిద్రపోతున్నాడని రాసింది. ఆ కథని పత్రికకి అందించింది జాక్సన్ మనుషులే అని తర్వాత బయటికొచ్చింది. ప్రచారం కోసం వదిలిన పులి అది, తర్వాత ఆయన్నే తరిమింది. 1993లో అమెరికా టీవీ యాంకర్ ఓప్రా విన్‌ఫ్రే చేసిన ఇంటర్వ్యూలో అదంతా అబద్ధమని ఆయన నెత్తీ నోరూ కొట్టుకున్నా ఎవరూ వినలేదు. కాబట్టి ఈ ఒక్క పాయింటులో మొదటి తప్పు జాక్సన్‌దే. ఫార్వర్డ్ చేసేవాళ్ళకి సగం మార్కులు.

తోలు సంగతికి మాత్రం సున్నా. ఆయనకి ఉన్నది బొల్లి. అదే ఇంటర్వ్యూలో స్వయంగా చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. చనిపోయాక పోస్టుమార్టం రిపోర్టులో కూడా ఆ మాటే ఉంది. మచ్చలు మచ్చలుగా రంగు పోతున్నప్పుడు మొదట మేకప్‌తో కప్పుకున్నాడు, అవి ఎక్కువయ్యాక మిగిలిన చర్మాన్ని కూడా క్రీములతో అదే రంగుకి తెచ్చుకున్నాడు. ముక్కుకి ఆపరేషన్లు చేయించుకున్న మాట నిజం, అది వేరే కథ. మన ఊళ్ళలో బొల్లి వచ్చిన ఆడపిల్ల ఎన్ని మాటలు పడుతుందో, పెళ్ళిచూపుల్లో ఎంత టెన్షనో తెలిసిన మనుషులే, ఆ జబ్బుని "రంగు పిచ్చి" అని రాసి, అదే జబ్బున్న చుట్టం ఉన్న గ్రూపులో పడేస్తున్నారు. చూసి ఆవిడ ఏమనుకుంటుందన్న ఆలోచన లేదు.

ఇక అసలు విషయం. ఆ 12 మంది డాక్టర్లు.

ఒక్కడే ఉన్నాడు. పేరు కాన్రాడ్ ముర్రే. గుండె డాక్టరు, మత్తు డాక్టరు కాదు. 2009 జులైలో లండన్‌లో మొదలవ్వాల్సిన 50 కచేరీల కోసం జాక్సన్ రిహార్సల్స్ చేస్తున్నాడు. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. నెలకి లక్షా 50 వేల డాలర్లకి ముర్రేని మాట్లాడుకున్నారు. నిద్ర కోసం ఈ పెద్దమనిషి ఇచ్చింది ప్రొపోఫాల్. ఆపరేషన్ థియేటర్లో మనిషిని మత్తులోకి పంపడానికి నరానికి ఎక్కించే తెల్లటి మందు. జాక్సన్ దాన్ని "పాలు" అనేవాడు. అది ఇచ్చేటప్పుడు పక్కన మత్తు డాక్టరు కూర్చుని శ్వాస, బీపీ, గుండె క్షణక్షణం చూస్తుంటాడు, ఎందుకంటే ఆ మందుకి ఊపిరి ఆగిపోవచ్చు. మన దగ్గర చిన్న నర్సింగ్ హోంలో కూడా మత్తు డాక్టరు రాకపోతే ఆపరేషన్ వాయిదా వేస్తారు. ముర్రే దాన్ని పడగ్గదిలో దాదాపు ప్రతి రాత్రీ, ఆరు వారాలకి పైగా ఎక్కించాడు. ఇది ఆయనే పోలీసులకి చెప్పిన మాట.

ఆ గదిలో ఉన్న పరికరం ఏంటో తెలుసా? కరోనా టైంలో మనమంతా కొనుక్కున్నామే, వేలికి తొడిగే ఆక్సిమీటర్, అలాంటిది. ప్రమాదం వస్తే మోగే అలారం కూడా దానికి లేదు. తయారుచేసిన కంపెనీ మనిషే కోర్టుకొచ్చి, ఇది ఇలాంటి పనికి పనికిరాదని చెప్పాడు. అలారం ఉన్నది నెలకి సుమారు 40 డాలర్ల అద్దెకి దొరికేది. జీతం లక్షా 50 వేలు.

జూన్ 25 మధ్యాహ్నం ముర్రే గదిలోకి తిరిగొచ్చి చూసేసరికి జాక్సన్ ఊపిరి తీసుకోవడం లేదు. గుండె డాక్టరు కదా, ఏం చేశాడు? మెత్తటి పరుపు మీదే, ఒక చెయ్యి వీపు కింద పెట్టి ఇంకో చేత్తో ఛాతీ నొక్కాడు. కింద నేల మీద పడుకోబెట్టమని అంబులెన్స్ వాళ్ళు ఫోన్‌లో చెప్పాల్సి వచ్చింది. ఆ ఫోనూ ఆయన చేయలేదు. 12:12కి జాక్సన్ సహాయకుడికి వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఇంచుమించు అదే సమయంలో మెట్ల దగ్గరికొచ్చి కిందున్న వంటామెని కేకేశాడు, సెక్యూరిటీని పిలవమన్నాడు. పైకి వచ్చిన సెక్యూరిటీ మనిషి చేత మందు సీసాలు సంచిలో వేయించాడని, ఆ తర్వాతే అంబులెన్స్‌కి ఫోన్ చేయమన్నాడని అతనే సాక్ష్యం చెప్పాడు. అప్పటికి 12:21. అంబులెన్స్‌లో వచ్చినవాళ్ళు ఏ మందులిచ్చావని అడిగితే ప్రొపోఫాల్ పేరే ఎత్తలేదు.

పోస్టుమార్టంలో గుండె బాగానే ఉంది. ప్రొపోఫాల్ ఒంట్లో విషంలా పనిచేయడం వల్ల, ఇంకొకరి చేతిలో జరిగిన మరణమని అధికారులు తేల్చారు. తను గదిలో లేనప్పుడు జాక్సనే సొంతంగా ఎక్కించుకున్నాడని ముర్రే లాయర్లు వాదించారు. అలాంటి మందు పక్కన పెట్టి రోగిని ఒంటరిగా వదిలి వెళ్ళడమే నేరం కదా అన్నది అవతలి వాదన. 2011 నవంబర్‌లో జ్యూరీ దోషి అంది, జడ్జి నాలుగేళ్ళ శిక్ష వేశాడు. రెండేళ్ళు తిరక్కుండా 2013 అక్టోబర్‌లో బయటికొచ్చాడు.

ఇదీ మన ఫార్వర్డ్‌లో "డాక్టర్లంతా కలిసినా ఆపలేని చావు". కోర్టులో శిక్ష పడిన నిర్లక్ష్యాన్ని తీసుకెళ్ళి విధిరాత ఖాతాలో వేశారు. రేపు మన ఇంట్లో ఎవరికైనా తప్పుడు ఇంజెక్షన్ పడి ప్రాణం పోయినా ఇదే మాట అంటారు: ఆయుష్షు తీరింది, మైకేల్ జాక్సనే పోయాడు, మనమెంత. ఏ మందు ఇచ్చారు, ఎంత ఇచ్చారు, పక్కన ఎవరున్నారు అని అడిగేవాడే ఉండడు. నాకు ఈ మెసేజ్ మీద ఉన్న కోపమంతా ఇదే. మిగతావి నవ్వుకుని వదిలేసేవాణ్ణి.

జాక్సన్ అమాయకుడని నేననట్లేదు. ఆ మందు కావాలని ఆయనే అడిగాడు. రెండు నెలల ముందు చెరిలిన్ లీ అనే నర్సుని కూడా అడిగితే, ప్రమాదమని హెచ్చరించి ఇవ్వనంది. నర్సు కాదన్నదాన్ని డాక్టరు ఒప్పుకున్నాడు. జాక్సన్ మీద, పిల్లల్ని లైంగికంగా వేధించాడని వచ్చిన ఆరోపణలు ఇంకా పెద్దవి. 2005లో కోర్టు నిర్దోషి అన్నా అవి సద్దుమణగలేదు. నిజంగా నిలదీయాలంటే అక్కడ నిలదీయొచ్చు. మెసేజ్‌లో వాటి ఊసే లేదు, ఎందుకంటే వాటికి చివర్న దణ్ణం బొమ్మ పెట్టడం కుదరదు.

మిగిలినవి రెండు. అంతిమయాత్రని 25 లక్షల మంది లైవ్‌లో చూశారట. లాస్ ఏంజెలెస్‌లో జరిగిన సంస్మరణ సభని ఒక్క అమెరికాలోనే మూడు కోట్ల మందికి పైగా టీవీల్లో చూశారని లెక్క. మంచాన్నీ దాతల్నీ అంతలేసి పెంచినవాళ్ళు, పెంచక్కర్లేని చోట మాత్రం తగ్గించి రాశారు. ఇక ఆయన పోయిన 3:15కి ఇంటర్నెట్ తలకిందులైందన్నది. ఆ రోజు ట్విటర్ మొరాయించింది, ఏఓఎల్ మెసెంజర్ అనే అప్పటి చాటింగ్ సర్వీసు కాసేపు ఆగింది, ఒక్కసారిగా వెతికేవాళ్ళు పెరిగేసరికి గూగుల్ ఎవరో దాడి చేస్తున్నారనుకుని దాదాపు 25 నిమిషాలు కొందరికి "క్షమించండి" అన్న పేజీ చూపించింది. మొత్తం మెసేజ్‌లో నిజానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న వాక్యం ఇదే. అందులోనూ టైం తప్పు, ఆస్పత్రిలో మరణాన్ని ధ్రువీకరించింది 2:26కి.