కుంపటి తియ్యాలా, ఉంచాలా?

పర్లాకిమిడి దగ్గర పల్లె. పుష్యమాసం, మహేంద్రగిరి మీంచి చలిగాలి. బాలింత గది తలుపులు బిగించి మంచం కింద నిప్పుల కుంపటి పెట్టారు. బిడ్డకి తొమ్మిదో రోజు. అత్తగారికీ, చూడవచ్చిన ఆశా కార్యకర్తకీ వాదన అక్కడే మొదలైంది.

అత్తగారు: ఏటమ్మా, రాగానే కుంపటి తియ్యమంటావు? పసిగుడ్డు చలికి బిగుసుకుపోతే?

ఆశా: చలి ప్రమాదమే పెద్దమ్మా, అందులో నీతో పేచీ లేదు. రెండుంబావు కేజీల బిడ్డ, ఒంట్లో కొవ్వు లేదు, ఇట్టే చల్లబడతాడు. కానీ మూసిన గదిలో నిప్పులుంటే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసనా లేదు, రంగూ లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది కూచుంటుంది.

అత్తగారు: నేను ఐదుగుర్ని ఈ చోటే కన్నాను. ఇదే కుంపటి.

ఆశా: అప్పుడు పైన గడ్డికప్పు, సందుల్లోంచి పొగ పోయేది. ఇప్పుడు స్లాబు వేశారు, కిటికీలో గోనె కుక్కారు.

తడిగుడ్డ కొసతో బిడ్డ ముక్కు తుడిచి చూపించింది. నల్లటి మసి. అత్తగారు ఆ గుడ్డ వైపే చూస్తూ ఉండిపోయింది.

అత్తగారు: పొగ చెడ్డదే అనుకో. 2016లో ఉజ్వల అన్నారు, మాకూ గ్యాసు బండ వచ్చింది, మూలనుంది. నింపడానికి డబ్బులెక్కడివి? కొండ కట్టెలకి డబ్బక్కర్లేదు. కడుపుతో ఉన్నన్నాళ్లూ కోడలు ఆ పొయ్యే ఊదింది. నువ్వు మాత్రలిచ్చావు గానీ బండ నింపలేదు కదా!

ఈ మాటకి ఆశా దగ్గర జవాబు లేదు. ఇది రాస్తున్న నా దగ్గరా లేదు. ఐరన్ మాత్రలు లెక్కపెట్టి పంచుతాం, ఊదుగొట్టం ఎవరి చేతిలో ఉందో మాత్రం ఎవరమూ అడగం.

ఆశా: నిజమే. కడుపుతో ఉన్న మనిషి ఆ పొగ పీలిస్తే బిడ్డ బరువు తగ్గొచ్చు. పొగొక్కటే కారణమనను, కోడలికి రక్తం తక్కువ, మలేరియా కూడా వచ్చింది. జరిగింది మార్చలేం, ఇప్పుడు వాడి ఊపిరైనా కాపాడదాం.

అత్తగారు: మరి వెచ్చదనం?

ఆశా: తల్లి ఒళ్లే. వాడికి టోపీ, సాక్సులు, లంగోటా ఉంచి రొమ్ముల మధ్య నిలువుగా పడుకోబెట్టి, చీరతో కట్టాలి. 1978లో కొలంబియాలోని బొగోటాలో వెచ్చబెట్టే పెట్టెలు చాలక డాక్టర్లు పట్టిన దారి ఇది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థా ఇదే చెయ్యమంటోంది. కోడలు అలిసిపోతే నువ్వు కట్టుకోవచ్చు.

అత్తగారు: నేనా? ఈ ముసలి ఒంటికా?

ఆశా: వెచ్చగానే ఉంది కదా, పెద్దమ్మా.

అత్తగారు: సాంబ్రాణి మాత్రం మానను.

ఆశా: వసారాలో వేసుకో. వాడి దగ్గర వద్దు.

అత్తగారు: సర్లే, ముందా గోనె లాగు. నాకు చెయ్యందదు.