సవరణ: సింగపూర్ – న్యూయార్క్ ప్రయాణ సమయం

మొన్నటి పోస్టులో సింగపూర్ నుంచి న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయానికి 15,300 కి.మీ. పైచిలుకు దూరమని, గంటకు 900 కి.మీ. చొప్పున 17 గంటల్లో చేరుతుందని ఉంది. దూరం సరైనదే, కానీ అది భూగోళం మీద అతి దగ్గరి దారి కొలత. ఆ గీత ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది. విమానం మాత్రం చాలాసార్లు పసిఫిక్ మీదుగా, వెనక నుంచి తోసే జెట్ స్ట్రీమ్ గాలిని పట్టుకుని వెళ్తుంది. దారి పెరిగినా ఇంధనం కలిసొస్తుంది. రన్‌వే దాకా మెల్లగా పాకే సమయం కూడా లెక్కలోదే. కాబట్టి 18 గంటలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే వేసుకోండి.

టికెట్ మీద టైములు చూసి కంగారు పడొద్దు, అవి ఏ ఊరివి ఆ ఊరివే. వేసవిలో న్యూయార్క్ 12 గంటలు వెనక, చలికాలంలో 13. జులైలో అర్ధరాత్రి 12కి బయల్దేరి 18 గంటలు ఎగిరినా, దిగేసరికి అక్కడ అదే తేదీ ఉదయం 6!