ఒక్కరోజులో చేపల వేట నేర్పే ఆ మెసేజ్ గురించి

"ఈత వచ్చిన ప్రతి ఒక్కరికీ షేర్ చేయండి" అని మొదలయ్యే ఆ వాట్సాప్ మెసేజ్ నాకు ఎంతమంది పంపారో లెక్కపెట్టడం మానేశాను. స్కూలు స్నేహితుల గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, మా బావమరిది రెండుసార్లు పంపాడు. తిరుపతిలో ఈత నేర్పడం నా పని కాబట్టి ప్రతివాడూ కింద "నీకు పనికొస్తుందన్నా" అని ఒక ముక్క తగిలించి మరీ పంపుతున్నాడు.

సంగతేమిటంటే, సూదిమూతి చేపలు ఉంటాయి చూడండి, సన్నగా, పొడుగ్గా, నీటి పైపైనే దూసుకుపోయేవి, వాటిని ఈటెతోనో, రబ్బరు పట్టీల బలంతో కడ్డీని వదిలే తుపాకీలాంటి స్పియర్‌గన్‌తోనో కొట్టడం ఎవరైనా ఒక్కరోజులో నేర్చేసుకోవచ్చట. అందుకు కొన్ని సూత్రాలు రాశాడు ఎవరో మహానుభావుడు. కింద పేరు పెట్టుకోలేదు, తెలివైనవాడే.

"ఎముకలు ఆకుపచ్చగా ఉంటే అది విషపు చేప, పారేయండి" అన్నది ఒకటి. సముద్రపు సూదిమూతి చేపల ఎముకలు మామూలుగానే ఆకుపచ్చగా ఉంటాయి. బిలివెర్డిన్ అనే పదార్థం వల్ల వచ్చే రంగు అది. ఉడికించినా పోదు, తిన్నవాళ్లకు ఏమీ కాదు. పారేసేవాళ్లు మా ఇంటికి పంపండి.

"ఎంత పెద్ద గన్ ఉంటే అంత మంచిది." రెండు వేళ్ల మందం చేపకు లావుపాటి ఇనుప కడ్డీ దిగితే చేతికి వచ్చేది రెండు ముక్కలు. సన్నటి మూడు ముళ్ల ఈటె చాలు.

"చేప కనిపించిన చోటికే గురి పెట్టండి." ఇది సగం నిజం. కళ్లకు మాస్క్ పెట్టుకుని తల నీళ్లలో ఉంచితే చేప ఉన్న దిక్కు సరిగానే కనిపిస్తుంది. కాకపోతే ఉన్న దూరంలో ముప్పాతిక దూరంలోనే ఉన్నట్టు అనిపిస్తుంది, అందుకే కొత్తవాళ్లు ఈటె అందకముందే వదిలేస్తారు. గట్టు మీద నిలబడి కొట్టేవాడి సంగతి వేరు. వాడికి చేప ఉన్నచోటి కంటే పైకి తేలినట్టు కనిపిస్తుంది. మన చెరువుల్లో రాత్రిపూట కొర్రమీను పొడిచేవాళ్లను అడగండి, ఫిజిక్స్ పుస్తకం తెరవకుండానే చేపకు కాస్త కిందికి గురి పెడతారు. సూదిమూతి మరీ పైన తిరుగుతుంది కాబట్టి ఆ తేడా కొంచెమే. కానీ అంత సన్నటి ఒంటికి ఆ కొంచెం చాలు, ఈటె వీపు మీంచి జారిపోతుంది.

"రాత్రి తలకు లైటు కట్టుకుని నీళ్లలో నిలబడండి, చేపలే వెతుక్కుంటూ వస్తాయి." వస్తాయి, నిజమే. ఎలా వస్తాయో మాత్రం రాయలేదు. సముద్రంలో ఉండే పెద్ద రకాలు ఒకటిన్నర మీటరు దాకా పెరుగుతాయి. వెలుగు చూసి బెదిరితే నీళ్లలోంచి ఎగిరి దూకుతాయి, ముందు వచ్చేది ఆ మూతే. 1977లో హవాయి దీవుల్లో రాత్రివేళ తండ్రితో చేపలు పడుతున్న పదేళ్ల పిల్లాడి కంట్లోంచి మెదడు దాకా దిగి ప్రాణం తీసింది. 2007లో వియత్నాంలో రాత్రి నీళ్లలోకి దిగిన పదహారేళ్ల కుర్రాడికి గుండెలో దిగింది. మన మంచినీటి రకం మూర పొడవు కూడా ఉండదు, దానితో అంత ప్రమాదం లేదు. కానీ మెసేజ్ చదివి పొలోమని సముద్రానికి బయల్దేరేవాడికి ఆ తేడా చెప్పేదెవరు? తలకు లైటు కట్టుకోవడమంటే సరిగ్గా కళ్ల మధ్యలో గురిబొట్టు పెట్టుకోవడమే.

ఇక్కడి దాకా ఓపిక పట్టాను. తర్వాతి సూత్రం యథాతథంగా ఇస్తున్నాను: "నీళ్లలో మునిగేముందు గబగబా పదిహేనుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదలండి. ఒంట్లో ఆక్సిజన్ డబుల్ అవుతుంది. మూడు నిమిషాలు హాయిగా లోపల ఉండొచ్చు."

డబుల్ అవ్వదు సామీ. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం మామూలుగానే నూటికి తొంభై ఏడు, తొంభై ఎనిమిది వంతులు ఆక్సిజన్‌తో నిండి ఉంటుంది. కోవిడ్ రోజుల్లో వేలికి ఆక్సీమీటర్ తగిలించుకుని అందరూ చూసినదే కదా. నిండిన బిందెలో ఇంకెన్ని చెంబులు పోస్తారు? గబగబా ఊదడం వల్ల జరిగేది వేరు. ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. "ఇక చాలు, పైకి వచ్చి గాలి పీల్చు" అని మనల్ని తొందరపెట్టేది ముఖ్యంగా అదే, ఆక్సిజన్ తగ్గడం కాదు. దాన్ని ముందే ఊదేస్తే లోపల ఎంతసేపున్నా ఉక్కిరిబిక్కిరి అనిపించదు. హాయిగానే ఉంటుంది. ఆ హాయిలోనే ఆక్సిజన్ అడుగంటి స్పృహ తప్పుతుంది. లోతు నుంచి పైకి వచ్చేవాడికైతే నీటి ఒత్తిడి తగ్గేకొద్దీ ఆక్సిజన్ ఇంకా వేగంగా పడిపోతుంది. అందుకే చాలామంది చివరి రెండు మూడు మీటర్లలో, ఒక్కోసారి తల బయటపెట్టాక కూడా, తెలివి తప్పుతారు. కేకలుండవు, చేతులు కొట్టుకోవడం ఉండదు. గట్టు మీద ఉన్నవాళ్లు "ఎంతసేపున్నాడ్రా వీడు!" అని మెచ్చుకుంటూ ఉంటారు.

మొన్న పూల్‌లో ఇంటర్ చదివే కుర్రాడొకడు గోడ పట్టుకుని భుజాలు ఎగరేస్తూ ఉఫ్ ఉఫ్ అని ఊదుతున్నాడు. పెదాలు తడారిపోయి ఉన్నాయి, కళ్లు సగం మూతలు పడుతున్నాయి. ఏం చేస్తున్నావురా అంటే "వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి సార్, ఆక్సిజన్ ఎక్కుతోంది" అన్నాడు సంతోషంగా. ఆ తిమ్మిరి కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిపోయినందుకు. చెయ్యి పట్టి బయటికి లాగి బెంచీ మీద కూర్చోబెట్టాను. ఫోన్ తీసి చూపించాడు, అదే మెసేజ్. వాడు మునగబోయింది నడుము లోతు నీళ్లలో. ఈ పద్ధతిలో ప్రాణం పోవడానికి ఆ లోతు సరిపోతుంది.

ఇంతకీ ఈ చేప ఎక్కడ తిరుగుతుంది? నీటి పైన. పైనున్న చేప కోసం మూడు నిమిషాలు అడుగున ఏం చేస్తారు, నిద్రపోతారా? దీన్ని వేటాడేవాళ్లు స్నార్కెల్ అనే గాలి పీల్చే గొట్టం నోట్లో పెట్టుకుని పైనే కదలకుండా తేలుతూ, చేప పక్కకు తిరిగేదాకా కాచుకుంటారు. లోతుకు దిగే వేటైతే ఒకడు దిగుతాడు, ఇంకొకడు పైనే ఉండి చూస్తాడు. దిగినవాడు పైకి వచ్చాక కూడా అర నిమిషం వాడి మీంచి కళ్లు తీయడు. ఇంత పెద్ద మెసేజ్‌లో ఇంకో మనిషి ఊసే లేదు.

ప్రాక్టీసుకు చోట్లు కూడా సూచించాడు: కళ్యాణి డ్యామ్, తలకోన, పులికాట్. కళ్యాణి డ్యామ్ నీళ్లు తిరుపతి, తిరుమల జనం తాగే నీళ్లు. తలకోన శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కులో ఉంది, అక్కడ ఈటె పట్టుకుని తిరిగితే ఫారెస్టు వాళ్లు స్పోర్ట్స్‌మన్ అనుకోరు. పులికాట్ పక్షుల అభయారణ్యం. సూళ్లూరుపేట వైపు చాలాచోట్ల మోకాలి లోతు, నడుము లోతు బురద నీళ్లు. అందులో మునిగితే మీ చెయ్యే మీకు కనిపించదు, పక్కన వలేసుకునేవాడి కాలు అసలు కనిపించదు.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. "వల కంటే ఈటె మేలు, కావాల్సిన చేపనే పట్టొచ్చు" అని రాశాడు. అది నిజం. సన్న కన్నుల వలలో వేలెడంత పిల్లలు కూడా పడిపోతాయి, తెగిపోయిన వల నీళ్లలోనే ఉండి ఏళ్ల తరబడి చంపుతూనే ఉంటుంది. ఈటె పట్టినవాడు పెద్ద చేపను చూసి కొడతాడు, చిన్నదాన్ని వదిలేస్తాడు. ఈ వాక్యం వేరే ఎవరో రాసి ఉంటారని నా అనుమానం.

ఎందుకంటే దాని కిందే ఇది ఉంది: "గన్ కొన్నాక ముందు మేడ మీద లోడ్ చేసి గురి చూసుకోండి." రబ్బరు పట్టీలు బిగించిన స్పియర్‌గన్‌ను నీళ్ల బయట లోడ్ చేయకూడదన్నది మొట్టమొదట నేర్పే రూలు. నీళ్లలో అయితే ఆ కడ్డీ కొన్ని మీటర్లకే నెమ్మదిస్తుంది. మేడ మీద దాన్ని ఆపడానికి నీళ్లుండవు, పక్క మేడ మీద బట్టలారేసుకునే పిన్నిగారు ఉంటారు.